గుర్రపు డెక్క పీకే చోట పాము కనిపిస్తే: గంజాం వైపు వాలంటీర్లకు మొదటి నుంచి చివరి దాకా

అమెరికాలోని ఫ్లోరిడాలో కొండచిలువల్ని పట్టే వీడియోలు ఒడిశాలోని మా బరంపురం కుర్రాళ్ళ ఫోన్లలోకి వచ్చినప్పటి నుంచి ప్రతి శ్రమదానానికి ముందు ఒకటే ప్రశ్న. "అన్నా, మనం కూడా తంపర సరస్సులోనో చిలికాలోనో దిగి పాముల్ని ఏరేస్తే పోలా? పర్మిషన్ ఎవరిస్తారు?" ఛత్రపురం నుంచి అడుగుతారు, గోపాల్‌పూర్ నుంచి అడుగుతారు, ఇచ్ఛాపురం నుంచి ఒకాయన ఫోన్ చేసి మరీ అడిగాడు.

ఎవరూ ఇవ్వరు. ఇవ్వకూడదు కూడా. కానీ నీళ్ళలోకి దిగి చేయాల్సిన పని ఇంకోటి ఉంది, గుర్రపు డెక్క అనే కలుపును పీకడం, ఆ పనిలో పాములు ఎలాగూ ఎదురవుతాయి, అప్పుడు ఏం చేయాలో మాత్రం చాలామందికి తెలీదు. అందుకే వరసగా రాస్తున్నాను.

1. ముందు తేల్చుకోండి: ఏది తీయాలి, ఏది తీయకూడదు

ఫ్లోరిడా సంగతి వేరు. అక్కడి ఎవర్‌గ్లేడ్స్ అనే చిత్తడి నేలల్లో తిరిగే బర్మీస్ కొండచిలువ ఆ నేలది కాదు, పెంపుడు జంతువుల వ్యాపారంలో ఆసియా నుంచి వెళ్ళింది. 2012లో అచ్చయిన పరిశోధన ప్రకారం అది పాతుకుపోయిన చోట రకూన్లు అనే చిన్న జంతువులు కనబడటం 99 శాతం పైగా తగ్గింది. అందుకే అక్కడ ప్రభుత్వమే పోటీ పెట్టి తీయిస్తోంది. ఆ పోటీలో దిగాలన్నా ముందు ఆన్‌లైన్ శిక్షణ పూర్తి చేసి పేరు నమోదు చేసుకోవాలి, పట్టిన పామును హింస పెట్టకుండా చంపి అప్పగించాలి, స్థానిక పామును చంపితే పోటీ నుంచి బయటికే. వీడియోల్లో ఈ భాగం ఎవడూ చూపించడు.

మన దగ్గర కొండచిలువ ఇంటిది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద కొండచిలువ, తాచు, రక్తపింజరి, జెర్రిపోతు షెడ్యూల్ 1లో, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉన్నాయి. మిగతా పాముల్నీ పట్టకూడదు. ఆ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. పట్టడం, ఉచ్చు వేయడం, తరమడం, ఎర పెట్టడం కూడా వేటే. 2022 సవరణ తర్వాత షెడ్యూల్ 1 జంతువు విషయంలో శిక్ష కనీసం 3 ఏళ్ళ జైలు, 7 ఏళ్ళ దాకా పోవచ్చు, జరిమానా 25 వేలకు తగ్గదు. రీల్ కోసం తోక పట్టుకున్న కుర్రాడికి ఈ లెక్క ముందే చెప్పండి.

బయటి నుంచి వచ్చి కూర్చున్నది గుర్రపు డెక్క. మన ఒడియా వాళ్ళు దళ అనేస్తారు. దక్షిణ అమెరికా మొక్క, వాతావరణం కుదిరితే రెండు వారాల్లో రెట్టింపవుతుంది, గింజలు బురదలో ఏళ్ళ తరబడి బతికే ఉంటాయి. ఉప్పు తగిలిన నీళ్ళలో నిలవదు కాబట్టి చిలికాలో కూడా నదులు వచ్చి కలిసే ఉత్తరం వైపే ఈ బాధ ఎక్కువ. మనం తీయాల్సింది దీన్నే.

2. అనుమతి లేకుండా గట్టు దాటొద్దు

కలుపు మొక్కే కదా, దానికి కూడా కాగితం ఎందుకు అంటారు. అభయారణ్యం హద్దుల్లో కలుపు తీయాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి. చిలికాలో నలబణ 1987 నుంచి అభయారణ్యం, అక్కడ మామూలు వాలంటీర్లకు పని లేదు, ఆ ఆలోచనే వదిలేయండి. తంపర 2021లో రామ్‌సర్ జాబితాలో, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చేరింది. అనుమతి అడగాల్సింది ఊరి చెరువైతే పంచాయతీని, చిలికా అయితే చిలికా డెవలప్‌మెంట్ అథారిటీని, వీటితో పాటు ఎక్కడైనా సరే ఆ రేంజ్ అటవీ అధికారిని.

దరఖాస్తు ఒడియాలో రాయించండి. మనం ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటాం, ఆఫీసులో కాగితం కదలాలంటే ఒడియానే.

దరఖాస్తులో ఉండాల్సినవి:
- తేదీ, సమయం, సరిగ్గా ఏ రేవు దగ్గర
- ఎంతమంది, వాళ్ళ పేర్లు, 18 ఏళ్ళ లోపు వాళ్ళు లేరన్న మాట
- తీసేది గుర్రపు డెక్క మాత్రమే, పాముల్ని, పక్షుల్ని ముట్టుకోమన్న హామీ
- తీసినదాన్ని ఎక్కడ పోస్తారు, ఆ స్థలం ఎవరిది
- ఆ రోజు ఒక ఫారెస్ట్ గార్డ్‌ను పంపమని వినతి

ఆఖరిది అందరూ మర్చిపోతారు. గార్డ్ పక్కనుంటే సగం టెన్షన్ ఉండదు.

అధికారుల తర్వాత, నిజానికి వాళ్ళకంటే ముందు, అక్కడ చేపల వేట చేసుకునే వాళ్ళను అడగాలి. ఈ తీరంలో నోలియా అనే జాలరి కుటుంబాలు చాలావరకు మన తెలుగువాళ్ళే. "మావా, మీ వలలు ఎక్కడున్నాయి, పాములు ఎక్కువ ఏ పక్క తిరుగుతున్నాయి" అని అడిగితే అరగంటలో మీకు మ్యాప్ గీసి ఇచ్చినంత పని చేస్తారు. అడగకుండా దిగి ఎవరి వలో చింపితే మాత్రం మళ్ళీ ఆ రేవులో మీ మొహం చూడరు.

3. ఏ నెల, ఏ వేళ

వానాకాలంలో వద్దు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా జకానా లాంటి పక్షులు తేలే ఆకుల మీదే గుడ్లు పెడతాయి. అక్టోబర్ నుంచి మార్చి మొదటి వరకు వలస పక్షులు, అప్పుడు గలాటా పనికిరాదు. మిగిలింది మార్చి మధ్య నుంచి మే చివరి వరకు, నీళ్ళు కూడా అప్పుడే తగ్గుతాయి.

పొద్దున్న 6:30కి మొదలు, 10కి ఆపేయడం. మన ఎండల సంగతి తెలిసిందే. సాయంత్రం పని పెట్టుకోకండి. చీకటి పడ్డాక కట్లపాము బయటికొస్తుంది, తడి గట్టు మీద మీ కాలెక్కడ పడుతుందో మీకే కనబడదు.

4. ముందు రోజు ఒకసారి వెళ్ళి చూడండి

ఇద్దరు చాలు. నీళ్ళలోకి దిగొద్దు, గట్టు మీదే నడవండి.

- కప్పల మోత ఎక్కువున్న చోటు గుర్తు పెట్టుకోండి, అక్కడ పాము ఉంటుంది
- చీమల పుట్టలు, గట్టుకున్న బొరియలు, రాళ్ళ గుట్టలు: వీటి పక్కన సామాన్లు, టిఫిన్ పెట్టొద్దు
- కుబుసం కనబడితే ఆ రేవును వదిలి ఇంకో రేవు చూసుకోండి
- అంబులెన్స్ ఎంతవరకు రాగలదో బండి మీద వెళ్ళి చూడండి
- ఫోన్ సిగ్నల్ ఏ చోట వస్తుందో చూడండి
- దగ్గరి ఆసుపత్రికి ఫోన్ చేసి పాము విషానికి ఇచ్చే మందు ఇవాళ స్టాకులో ఉందా అని అడగండి

ఈ ఆఖరి ఫోన్ సిగ్గుపడి చేయరు. ఒకసారి మేం అడిగితే ఒక చిన్న ఆసుపత్రి వాళ్ళు "ఉంటుందిలెండి" అన్నారు, మళ్ళీ గట్టిగా అడిగాక "లేదు, వచ్చే వారం వస్తుంది" అన్నారు. "ఉంటుంది" వేరు, "ఉంది" వేరు. మన వైపు చివరికి అందరూ వెళ్ళేది బరంపురంలోని ఎంకేసీజీ మెడికల్ కాలేజీకే, కాబట్టి మీ రేవు నుంచి అక్కడికి ఎన్ని నిమిషాలో రాసి పెట్టుకోండి.

5. ఎవరు ఏం చేయాలి

పన్నెండు మంది ఉన్నారనుకుందాం. పన్నెండు మందీ పీకడానికి దిగితే అది శ్రమదానం కాదు, గుంపు.

- పడవ మీద ఇద్దరు, అందులో ఒకరు కచ్చితంగా స్థానిక జాలరి
- నీళ్ళ అంచున దంతెలతో లాగేవాళ్ళు నలుగురు
- గట్టు మీద కుప్పలు మోసేవాళ్ళు నలుగురు
- ఫోన్, ఫస్ట్ ఎయిడ్, నీళ్ళు చూసుకునే మనిషి ఒకరు
- కళ్ళ మనిషి ఒకరు

కళ్ళ మనిషి అని మేం పెట్టుకున్న పేరు. ఆయన దంతె పట్టడు, ఫోటో తీయడు, కబుర్లు చెప్పడు. నీళ్ళ వైపు, లాగే వాళ్ళ కాళ్ళ వైపు చూస్తూ నిలబడటమే పని. అరగంటకోసారి మనిషిని మార్చండి, అంతకంటే ఎక్కువసేపు ఎవరి చూపూ నిలవదు. ఖాళీగా నిల్చున్నాడని మిగతావాళ్ళు వెక్కిరిస్తారు, వెక్కిరించనీయండి.

6. సామాను

- మోకాళ్ళ దాకా వచ్చే గమ్‌బూట్లు. చెప్పులతో వచ్చిన వాళ్ళను గట్టు మీదే ఉంచండి, మొహమాటం వద్దు
- మందం పాటి రబ్బరు గ్లోవ్స్. ఇవి పాము కోరను ఆపుతాయని కాదు, మొక్కల్లోని గాజుపెంకుల కోసం
- కనీసం ఆరేడు అడుగుల పిడి ఉన్న దంతెలు, కొక్కేల కర్రలు
- కొడవళ్ళు రెండు, మోకు తాడు, అడ్డు కట్టడానికి వెదురు బొంగులు
- లైఫ్ జాకెట్లు, పడవెక్కే ప్రతి మనిషికి
- వెడల్పు గుడ్డ పట్టీలు, రెండు బద్దలు, పెన్ను
- తాగే నీళ్ళు, ఓఆర్ఎస్, సబ్బు

పాము పట్టే కర్ర, పటకారు తేవొద్దు. చేతిలో ఉంటే వాడాలనిపిస్తుంది.

ఒంటి మీద తెగిన గాయాలున్న వాళ్ళు నీళ్ళకు దూరంగా ఉండాలి. ఎలుకల మూత్రం కలిసిన నీటితో వచ్చే లెప్టోస్పైరోసిస్ జ్వరం ఈ పనిలో పాముకంటే నిశ్శబ్దమైన ప్రమాదం. నెల రోజుల లోపు జ్వరం వస్తే డాక్టరుకు చెరువులో దిగిన సంగతి చెప్పి తీరాలి.

7. పేర్ల గొడవ

మా జట్టులో సగం తెలుగు, సగం ఒడియా. మనం తాచు అంటే వాళ్ళు గోఖర అంటారు. కట్లపాము వాళ్ళకు చిటి, రక్తపింజరి చందన్‌బోడా, జెర్రిపోతు ధామణ, కొండచిలువ అజగర, నీరుకట్టు ధండ. తెలుసుకుంటే మంచిదే. కానీ నీళ్ళలో మనిషి ఉన్నప్పుడు పేరు అరవకండి. ఒకరు ధామణ అని అరిస్తే ఇంకొకరు "ఏంటదీ" అని వంగి చూసిన రోజుంది.

అరవాల్సింది ఒక్కటే. "పాము" లేదా "సాప". చెయ్యి పైకి. అందరూ ఉన్నచోటే ఆగాలి.

అసలు ఏ పామో గుర్తుపట్టాల్సిన అవసరమే మనకు లేదు. నీరుకట్టు కోపమొస్తే మెడ వెడల్పు చేస్తుంది, అది చూసి తాచు అని పరుగెత్తేవాళ్ళున్నారు, తాచును చూసి నీరుకట్టేలే అనుకునేవాళ్ళూ ఉన్నారు. రెండో రకం వాళ్ళతోనే భయం. ఏ పాముకైనా ఒకే పద్ధతి పెట్టుకుంటే ఈ తేడా రాదు.

ఒక్క మినహాయింపు చెప్తాను. సముద్రం కలిసే ముఖాల దగ్గర తోక తెడ్డులా చదునుగా ఉన్న పాము కనిపిస్తే అది సముద్రపు పాము. ఒడ్డున కదలకుండా పడుంది కదా అని ముట్టుకోవద్దు. మన ఆసుపత్రుల్లో ఇచ్చే మందు తాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి అనే నాలుగింటి విషానికి తయారైంది, సముద్రపు పాముకు అది పనిచేయదు.

8. పని వరస

దీన్ని తలకిందులు చేయకండి, పాముతో గొడవ వచ్చిన ప్రతిసారీ ఈ వరసలో ఏదో ఒకటి తప్పి ఉంటుంది.

మొదటిది, చప్పుడు. దిగే ముందు గట్టు వెంబడి కర్రలతో నేల మీద కొడుతూ, పడవ అంచు తట్టుతూ పది నిమిషాలు తిరగండి. పాముకు ఆ అదురు తెలుస్తుంది, దారి ఉంటే వెళ్ళిపోతుంది. ఒకటి జాగ్రత్త, ఇది పామును వెంటపడి తరమడం కాదు, మనం వచ్చామని చెప్పడం.

రెండోది, దారి వదలడం. మూడు పక్కల నుంచి చుట్టుముట్టి లోపలికి పోవద్దు. ఒక పక్క నుంచి మొదలుపెట్టి, రెండో పక్క తెరిచి ఉంచండి.

మూడోది, ముక్కలు చేయడం. పెద్ద చాపలా అల్లుకున్న మొక్కల్ని పడవ మీద నుంచి కొడవలితో మంచం అంత ముక్కలుగా విడదీయండి. మొత్తంగా లాగితే తాడు తెగుతుంది, నడుములు పోతాయి. అందులో 90 శాతం పైన నీళ్ళే మరి.

నాలుగోది, నీళ్ళంచున ఆపడం. అసలు కిటుకు ఇక్కడే ఉంది. లాగిన ముక్కను నేరుగా గట్టెక్కించకండి. సగం నీళ్ళలో, సగం ఒడ్డున ఉండేలా అరగంట వదిలేయండి. చేపపిల్లలు, కప్పలు, తాబేలు పిల్లలు, పాములు వాటంతట అవే నీళ్ళలోకి జారుకుంటాయి. ఆ అరగంటలో తర్వాతి ముక్క కోసుకోవచ్చు, పని ఏమీ ఆగదు.

ఐదోది, దంతెతో తిరగేయడం. ఎత్తే ముందు ప్రతి ముక్కనూ పొడుగు దంతెతో ఒకసారి బోర్లించి, రెండు నిమిషాలు చూసి, అప్పుడే మోయండి. వేళ్ళ గుత్తుల్లోకి చెయ్యి పెట్టొద్దు. ఎప్పుడూ పెట్టొద్దు. గంపలో తొక్కి నింపడం కూడా చేత్తో కాదు, కర్రతోనే.

గూడు గానీ గుడ్లు గానీ కనిపిస్తే, పక్షివైనా పామువైనా, ఆ చుట్టూ పది అడుగులు వదిలేసి ముందుకు పొండి. అది వచ్చే ఏడు చూసుకుందాం.

9. పాము కనిపించింది, ఇప్పుడు

ముందు అందరూ ఆగాలి. కళ్ళ మనిషి ఒక్కడే మాట్లాడతాడు. దగ్గరున్న వాళ్ళు వెనక్కి, మెల్లగా, నీళ్ళు చిమ్మకుండా, కనీసం పది అడుగులు. పామును చూస్తూనే వెనక్కి నడవాలి, వీపు తిప్పి పరుగెత్తితే బురదలో పడతారు, పడేది ఎటో మన చేతిలో ఉండదు.

తర్వాత ఏం చేయాలి? ఏమీ చేయొద్దు. పదిహేను నిమిషాలు నిల్చోండి. చాలాసార్లు అంతే, వెళ్ళిపోతుంది. వెళ్ళకపోతే ఆ చోటు ఆ రోజుకు దానిది, మీరు యాభై అడుగుల అవతల మొదలుపెట్టండి.

పడవలోకి ఎక్కిందా? జాలరి చెప్పినట్టు వినండి. సాధారణంగా పడవను మొక్కల దగ్గరికి తీసుకెళ్ళి ఆపితే అదే దిగిపోతుంది. తెడ్డుతో కొట్టబోతే పడవ తిరగబడుతుంది, అప్పుడు పాముకంటే నీళ్ళు ప్రమాదం.

వలలో చిక్కుకుని ఉంటే మీరు విడదీయకండి. అటవీ శాఖకు ఫోన్ చేయండి, వాళ్ళు వచ్చేవరకు వలను నీళ్ళలో మునగకుండా కొంచెం పైకి కట్టి ఉంచమని జాలరిని అడగండి. దూరం నుంచి ఒక ఫోటో చాలు.

ఇక ఎప్పుడో ఒకసారి రంగు, మచ్చలు వేరేగా ఉన్న పాము కనబడి, ఎవరైనా పెంచుకుని వదిలేసిన విదేశీ పామేమో అన్న అనుమానం రావచ్చు. అప్పుడు కూడా పట్టేది మనం కాదు. ఫోటో, లొకేషన్, సమయం అటవీ శాఖకు. వాట్సాప్ గ్రూపుల్లో లొకేషన్ పెట్టకండి, గంటలో కర్రలతో వచ్చేస్తారు.

10. కాటు పడితే

మొదటి పది నిమిషాలు ఇలా:
- మనిషిని నీళ్ళలోంచి బయటికి తెచ్చి కూర్చోబెట్టండి, నడిపించొద్దు
- ఉంగరం, వాచీ, గాజులు, పట్టీలు, బూటు వెంటనే తీసేయండి, వాపు వస్తే రావు
- కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా బద్దలు పెట్టి వదులుగా చుట్టండి
- కాటు టైం చర్మం మీదే పెన్నుతో రాయండి
- 108కి ఫోన్. ఆలస్యమయ్యేలా ఉంటే ఉన్న బండిలోనే బయల్దేరండి
- వాంతులైతే పక్కకు తిప్పి పడుకోబెట్టండి

చేయకూడనివి అందరికీ తెలుసనుకుంటాం, ఆ క్షణంలో తెలిసినవాళ్ళే చేస్తారు. గట్టిగా తాడు కట్టొద్దు. కోయొద్దు, నోటితో పీల్చొద్దు, ఐస్ పెట్టొద్దు. మంత్రాలేసే గుణియా దగ్గరికి దారిలో ఒక్క ఐదు నిమిషాలు ఆగి పోదామని ఎవరో పెద్దాయన అంటాడు, దండం పెట్టి బండి ముందుకు పోనివ్వండి. పామును చంపి సీసాలో పెట్టి తీసుకెళ్ళే పనీ వద్దు, డాక్టర్లు లక్షణాలు చూసి, రక్తం 20 నిమిషాల్లో గడ్డ కడుతుందో లేదో చూసి వైద్యం చేస్తారు.

నొప్పి లేదు, గాటు కనబడటం లేదు, ఇంటికెళ్తాను అంటే ఒప్పుకోకండి. కట్లపాము కాటు అలాగే ఉంటుంది. కనురెప్పలు వాలుతున్నాయా, మాట ముద్దగా వస్తోందా, మింగలేకపోతున్నాడా చూస్తూ ఉండండి, డాక్టరు పొమ్మనే దాకా ఆసుపత్రిలోనే ఉంచండి.

11. మేం చేసిన తప్పులు, దిద్దుకున్న తీరు

కుప్పలు గట్టు అంచునే పోశాం. మూడు ఆదివారాల పని. జూలైలో ఒక్క వానకు నీళ్ళు పెరిగి మొత్తం మళ్ళీ చెరువులోకి. ఇప్పుడు వరద మట్టానికి పైన, గట్టు నుంచి కనీసం వంద అడుగులు లోపలికి పోస్తున్నాం.

పోసిన కుప్పల్ని వారం వదిలేశాం. తడి, చల్లదనం, కప్పలు, ఎలుకలు, ఇంకేం కావాలి పాముకి? తర్వాతి వారం ఎరువు కోసం కుప్ప తిరగేయబోతే రక్తపింజరి. ఇప్పుడు అదే రోజు పలచగా పరిచి ఎండబెడతాం, ఎండాక పేడ కలిపి ఎరువు గుంటలో వేస్తాం, కుప్ప కదిలించే ముందు మళ్ళీ కర్ర చప్పుడు.

పూత వచ్చాక పీకాం. గింజలు రాలిపోయాయి. పూత రాకముందే, లేత దశలోనే పీకాలి.

ముక్కలు కాలవలో వదిలేశాం, కొట్టుకుపోతాయిలే అని. పోయాయి, కింద ఊరి చెరువులోకి. చిన్న ముక్క నుంచి కూడా కొత్త మొక్క వస్తుంది. పని చేసే చోట చుట్టూ వెదురు బొంగులు తాడుతో కట్టి తేలే అడ్డు వేస్తే ఈ బాధ ఉండదు.

మందు కొట్టేద్దామని ఒకాయన డబ్బా పట్టుకొచ్చాడు. చేపలు తినే ఊళ్ళ మధ్య, రామ్‌సర్ నీళ్ళలో కలుపు మందా? డబ్బాతో సహా ఆయన్ను వెనక్కి పంపాం.

12. ఇంటికెళ్ళే ముందు, ఆ తర్వాత

- తలలు లెక్కపెట్టండి, పొద్దున్న ఎంతమందో అంతమంది
- బూట్లు బోర్లించి దులపండి, ఇంటి దగ్గర తొడిగే ముందు మళ్ళీ దులపండి
- దంతెలు, పడవ అడుగు, గంపలు కడిగి, అంటుకున్న వేళ్ళు ఏరేయండి, లేదంటే ఇంకో చెరువుకు మనమే అంటిస్తాం
- సబ్బుతో చేతులు, కాళ్ళు. జలగలుంటే చూసుకోండి
- ఎన్ని గంపలు, ఏ రేవు, పాములు ఎన్నిసార్లు ఎక్కడ కనిపించాయి: పుస్తకంలో రాసి ఫారెస్ట్ గార్డ్‌తో సంతకం పెట్టించండి

మూడో వారం మళ్ళీ వెళ్ళాలి. ఈసారి నలుగురు చాలు, వాళ్ళు కాక కళ్ళ మనిషి ఒకరు. కొత్తగా లేచిన పిల్ల మొక్కలు అప్పటికి అరచేయంత ఉంటాయి, పడవ మీద నుంచే కొక్కెంతో వచ్చేస్తాయి. ఆ తర్వాత వానలు మొదలయ్యే దాకా నెలకోసారి.